ప్రసంగం అనే మాట



పోయిన మామిడి కాపులో, తోట కాపలా వల్ల ఆరాధనకు రాలేకపోతున్న ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. చెట్టు కింద మంచం మీద కూర్చున్నాం. తోట కౌలుది. గాలివానకు రసాలు సగం రాలిపోయాయి. 13వ కీర్తన చదివాను. ఆయన మధ్యలో ఆపి, "దేవుడు వింటున్నాడంటారా అయ్యగారూ?" అని అడిగారు. చాలాసేపు మాట్లాడుకున్నాం. లేచేటప్పుడు, "వచ్చే ఆదివారం గుడికొచ్చి మీ ప్రసంగం వింటానండి" అన్నారు.

మరి అప్పటిదాకా మేం చేసిందేమిటి?

ప్రసంగం సంస్కృతం నుంచి వచ్చిన మాట. అందులో ఉన్నది సంగమే, అంటే అంటిపెట్టుకుని ఉండటం, కలయిక. మాటల్లో మాటగా వచ్చిన సంగతిని ప్రసంగవశాత్తు వచ్చిందంటాం. అడగనివన్నీ చెప్పేవాణ్ణి అధికప్రసంగి అంటాం. (మా పాస్టర్లకు ఈ బిరుదు చాటున ఎన్నిసార్లు ఇచ్చారో మీకే తెలియాలి.)

ఇంగ్లీషువారి సెర్మన్ కూడా ఇంతే. దాని మూలమైన లాటిన్ మాట సెర్మోకు అర్థం సంభాషణ. హోమిలీ అనే మాట గ్రీకు హోమిలియా నుంచి వచ్చింది. దానికి సహవాసం, ముచ్చట అని అర్థం. లూకా 24లో ఎమ్మాయు దారిన ఇద్దరు శిష్యులు మాట్లాడుకున్నారు చూడండి, అక్కడ లూకా వాడిన క్రియ ఈ కుటుంబానిదే. అపొస్తలుల కార్యములు 20లో, ఐతుకు కిటికీలోనుంచి పడి బ్రతికిన తరువాత, పౌలు తెల్లవారేదాకా మాట్లాడిన చోటా అదే క్రియ. ఆ అధ్యాయం 7వ వచనంలో పౌలు ప్రసంగించాడని మన బైబిలు చెప్పే చోట గ్రీకులో ఉన్నది వేరే మాట. అందులోనూ చర్చించడం, తర్కించడం అనే అర్థముంది.

అయితే రోమా 10:14లో మాట వేరు. అది రాజుగారి చాటింపు. దండోరా వేసేవాణ్ణి మధ్యలో ఆపి ప్రశ్నలు అడగరు. మనం దానికి ప్రకటించడం అంటాం. సువార్తకు అదీ కావాలి.

1841లో సి.ఎం.ఎస్. మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నం చేరారు. నోబుల్ బడి పెట్టాడు, ఫాక్స్ ఊళ్లు తిరిగాడు. ముందు ఇద్దరూ తెలుగు నేర్చుకోవాల్సి వచ్చింది. వినకుండా భాష రాదు కదా! మనకేమో పుట్టుకతోనే వచ్చింది, అందుకే కాబోలు వినడం తగ్గింది.

పెద్దాయన అన్నట్టే ఆదివారం వచ్చారు. ముందు వరుసలో కూర్చుని నలభై నిమిషాలు విన్నారు. ఒక్క ప్రశ్నా అడగలేదు. సోమవారం మళ్లీ తోటకు వెళ్లాను.