ఆకాశతరంగము లెవరి సొత్తు?

హైదరాబాదు నగరమున ఆబిడ్సునకును నాంపల్లికిని నడుమ చిరాగలీ సందు గలదు. నేడచ్చట అంగళ్ల రద్దీయు, స్తంభమునుండి స్తంభమునకు చిక్కువడి వ్రేలాడు నల్లని తీగలును దప్ప విశేష మేమియు గానరాదు. అయినను దక్కనున నిస్తంత్రి చరిత్ర యీ సందుననే మొదలైనది. 1930వ దశాబ్దపు తొలియేండ్లలో మహబూబ్ అలీ యను పౌరు డొకడు 200 వాట్ల చిన్న ప్రసారయంత్రముతో ఇచ్చట సొంత రేడియో నడపెను. నిజాము ప్రభుత్వము దానిని స్వాధీనము చేసికొని, 1935 ఫిబ్రవరి 3వ తేదీనుండి దక్కన్ రేడియో యను పేర నిర్వహించెను. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో చేరిపోయెను. ఇట్లు పౌరుని పూనిక రాజు సొత్తయ్యెను. రాజు సొత్తు కేంద్రము సొత్తయ్యెను. నగరప్రజల సొత్తు మాత్ర మెన్నడును గాలేదు.

తరువాతి చరిత్రకెల్ల ఈ సందు కథయే మచ్చుతునక. 1885 నాటి తంతి చట్టము తంతివార్తలపై ప్రభుత్వమునకే సర్వాధికార మిచ్చినది. ప్రైవేటు గుత్త ఫలించినదా యన్నచో నదియు లేదు: 1927లో బొంబాయి, కలకత్తాలలో రేడియో ప్రారంభించిన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1930లోనే మూతపడెను. ఇంటర్నెట్టును 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ఒక్కటియే విక్రయింప మొదలిడెను; 1998 నవంబరులో గాని ఇతరులకు తలుపు తెరువబడలేదు. అంతట చిన్న సరఫరాదారులు పుట్టిరి. టీవీ కేబులు లాగినవారే పలువురు ఇంటర్నెట్టు తీగయు లాగిరి. బిల్లు వసూలునకు వచ్చువానిని ఇల్లాలు పేరుపెట్టి పిలుచును. తీగ తెగినచో నిచ్చెన వేసికొని వాడే వచ్చును. ఈ చనువు పెద్దసంస్థల కెన్నడును అబ్బలేదు.

అదే 1995 ఫిబ్రవరి 9న సుప్రీముకోర్టు, క్రికెట్టు ప్రసారముల వ్యాజ్యమున, నొక గొప్ప ధర్మమును స్థాపించెను. ఆకాశతరంగములు ప్రజల యాస్తి. వానిని ప్రజాహితమునకే వినియోగింపవలెను. ప్రభుత్వమైనను ప్రైవేటు సంస్థయైనను వానిపై గుత్తాధిపత్యము వహింపరాదు. ఆ ధర్మాసనమున నొకరు, ఆంధ్రప్రదేశ హైకోర్టున న్యాయమూర్తిగ నుండిన బి. పి. జీవన్‌రెడ్డిగారు. 2005లో 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగపట్టీకి లైసెన్సు అక్కఱలేదని ప్రభుత్వము ప్రకటించెను. వైఫై యనునది నడచు పట్టీలలో నిది ముఖ్యము. వీధిస్తంభమునకు చిన్న పెట్టె గట్టి, దానికి ఫైబరు తీగ గలిపినచో, చుట్టును కొన్ని పదుల గజముల మేర ఎవరైనను ఇంటర్నెట్టు నందుకొనవచ్చును.

మన నగరమును ఈ యత్నము చేయకపోలేదు. 2015లో హుస్సేన్‌సాగరు చుట్టును, 2017 జూనులో హై-ఫై యను పేర వేయి స్థలములందును ఉచితసేవ ఆరంభమైనది. కాని యవి సేవాసంస్థలతో చేసికొన్న యొడంబడికలు. అరగంట ముగిసిన పిమ్మట పౌరుడు మరల కొనుగోలుదారుడే.

దీని లోటు 2020లో నాకు గట్టిగ తెలియవచ్చినది. బడులు మూతపడియుండగా, సెప్టెంబరు 1నుండి ప్రభుత్వపాఠశాలల పాఠములు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ల ద్వారా ప్రసారమయ్యెను. ప్రజల సొమ్ముతో నడచు ప్రసారమే ఆనాడు పేదబిడ్డల నాదుకొన్నది. అయితే పాఠము వినుటకు టీవీ చాలును. సందేహ మడుగుటకు ఇంటర్నెట్టు గావలెను. నాంపల్లిలోని నా శిష్యురా లొకతె అన్నదమ్ములతో నొక్క ఫోను పంచుకొనుచుండెడిది. నాటి డేటా మధ్యాహ్నమునకే ముగియగా, తన సందేహమును కాగితముపై వ్రాసి మా గడపలో నుంచిపోయెను. ఆ కాగిత మిప్పటికిని నా నిఘంటువులో నున్నది. అటుపిమ్మట 2024 జూలైలో మూడు ప్రైవేటు మొబైలు సంస్థలును ఇంచుమించు ఒకేసారి ధరలు పెంచినవి. అట్టి యింటివారు మఱి యెవరికడ కేగుదురు?

నగరమే నిస్తంత్రిని నడపినచో చిన్నవారు చెడుదురని కొందఱందురు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినందున పుస్తకవిక్రేతలు నశించిరా? ఆబిడ్సు కాలిబాటపై ఆదివారమున పాతపుస్తకముల బేరము నేటికిని సాగుచునే యున్నది. చదువరులు పెరిగినకొలది రెండును వర్ధిల్లును. 2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశమున ప్రారంభమైన ఫైబర్‌నెట్ ఇట్టి త్రోవనే తొక్కెను. ప్రభుత్వము విద్యుత్ స్తంభములపై ఫైబరు లాగెను. ఇంటికి చేర్చు పనిని స్థానిక కేబులువారి కొసగెను. నెలకు 149 రూపాయలకే టీవీ, టెలిఫోను, ఇంటర్నెట్టు లభించెను. అది తరువాత రాజకీయవివాదముల పాలగుటయు నిజమే. కావుననే లెక్కలు బహిరంగముగ నుండవలెను.

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరము 2004లో నగరనిస్తంత్రికి పూనుకొనగా, ఆ రాష్ట్రశాసనసభ టెలిఫోను సంస్థల ప్రాబల్యమునకు లోబడి ఇతర పట్టణముల కడ్డుకట్ట వేసెను. ఫిలడెల్ఫియా తన పనిని ఎర్త్‌లింక్ అను సంస్థ కప్పగింపగా, అదియు 2008లో విడిచిపోయెను. చట్టనూగా పట్టణము మాత్రము తన విద్యుత్సంస్థచేతనే ఫైబరు వేయించి, 2010లో సెకనుకు ఒక గిగాబిట్టు వేగము నందించెను. ఒకటి ఇతరులకు గుత్త కిచ్చి చెడెను. ఒకటి తానే పూని నిలిచెను.

చదువరులారా! కొళాయినీటిని, వీధిదీపమును, గ్రంథాలయమును మనము నగరధర్మములుగ నెంచితిమి. ఓటడుగ వచ్చువారిని రోడ్డును గూర్చియు మురుగుకాలువను గూర్చియు ప్రశ్నించుచున్నాము. ఇకమీదట వీధిస్తంభముపై నున్న ఆ తీగ యెవరిదని కూడ నడుగుదము.