మందు ముందు, బిడ్డ వెనక

పుట్టిన బిడ్డ పెద్దగా ఏడవకపోతే మన ఇళ్లలో అదో మురిపెం. "బంగారుకొండ, అల్లరన్నదే లేదు" అని అమ్మమ్మ నలుగురికీ చెప్పుకుంటుంది. పాలకు కూడా తట్టి లేపాలి. రెండు గుక్కలు తాగి మళ్లీ నిద్రలోకి జారుకుంటాడు. పచ్చకామెర్లు రెండు వారాలు దాటినా వదలవు. విరేచనం నాలుగు రోజులకోసారి. వీటిలో ఏ ఒక్కటి చూసినా పసిబిడ్డలకు మామూలే అనిపిస్తుంది. అన్నీ ఒకే బిడ్డలో కనిపిస్తే మాత్రం థైరాయిడ్ గ్రంథి పనిచేస్తోందా లేదా అని చూడాలి. ఆ అనుమానం రావడానికి ఆర్నెల్లు పట్టిందంటే మెదడుకు జరగాల్సిన నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. ఆపైన ఎన్ని మాత్రలు మింగించినా ఒళ్లు ఎదుగుతుంది గానీ బుద్ధి అందుకోలేదు.

పిల్లల హార్మోన్ జబ్బుల మీద జరిగిన పరిశోధనలను సాధారణంగా మందుల చరిత్రగా రాస్తుంటారు. నా లెక్కలో అది సగం కథే. థైరాయిడ్ లోపానికి మందు 1891లోనే దొరికింది. ఆ మందు పడాల్సిన బిడ్డను వేళకు కనిపెట్టే పద్ధతి 1970ల దాకా రాలేదు. మధ్యలో ఎనభై ఏళ్లు గడిచిపోయాయి.

ఆల్ప్స్ లోయల్లో పొట్టిగా, బుద్ధి ఎదగకుండా, చాలామందికి గొంతు దగ్గర పెద్ద వాపుతో బతికిన మనుషులను యూరప్ శతాబ్దాలుగా ఎరుగును. నీళ్లు మంచివి కావన్నారు, గాలి ఆడక అన్నారు. 1850లో లండన్ సర్జన్ థామస్ కర్లింగ్ ఇలాంటి లక్షణాలతో చనిపోయిన ఇద్దరు పిల్లల శరీరాలను కోసి చూశాడు. వాపు సంగతి అలా ఉంచి, అసలు థైరాయిడ్ గ్రంథే లేదు. ఉబ్బినా చేటే, లేకపోయినా చేటే అన్నది వైద్యులకు చాలాకాలం కొరుకుడు పడలేదు.

1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో జార్జ్ మర్రే అనే యువ వైద్యుడు గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని 46 ఏళ్ల మహిళకు సూదిమందుగా ఇచ్చాడు. థైరాయిడ్ లోపంతో ఒళ్లంతా ఉబ్బి, మాట మందగించిన ఆమె కొద్ది నెలల్లోనే తేరుకుంది. ఆ తర్వాత 28 ఏళ్లు బతికింది. ఆమెకు ఆ మందు సమకూర్చడానికి 870కి పైగా గొర్రెల గ్రంథులు కావలసి వచ్చాయట! ఏడాది తిరిగేసరికి సూది అక్కర్లేదు, నోటి ద్వారా ఇచ్చినా పనిచేస్తుందని తేలింది. అమెరికాలో విలియం ఆస్లర్ లాంటి పెద్ద వైద్యులు ఈ చికిత్స పొందిన పిల్లల ఫొటోలు ప్రచురించారు. మందుకు ముందు నాలుక బయటపెట్టి, పొట్ట జారి, నిలబడలేని బిడ్డ. మందు పడ్డాక చక్కటి గౌను తొడుక్కుని నిటారుగా నిలబడ్డ బిడ్డ. వైద్యలోకం చప్పట్లు కొట్టింది. అయితే ఆ పిల్లలు బడిలో ఎలా చదివారో ఫొటో చెప్పదు కదా.

గొంతువాపు సంగతి వేరే దారిలో తేలింది. 1890ల్లోనే థైరాయిడ్‌లో అయోడిన్ ఉందని బయటపడింది. 1917లో అమెరికాలోని ఒహైయో రాష్ట్రం ఆక్రన్ పట్టణంలో డేవిడ్ మెరీన్, ఆలివర్ కింబల్ బడి ఆడపిల్లలకు సోడియం అయోడైడ్ ఇచ్చి చూశారు. తీసుకున్న 2,190 మందిలో అయిదుగురికే గాయిటర్ (గొంతువాపు) వచ్చింది. తీసుకోని 2,305 మందిలో 495 మందికి వచ్చింది. ఇంత తేటతెల్లమైన ఫలితం వైద్యంలో అరుదు. కొద్ది ఏళ్లలోనే స్విట్జర్లాండ్, అమెరికా ఉప్పులో అయోడిన్ కలపడం మొదలుపెట్టాయి.

మన దేశంలో ఈ పని చేసి చూపించినవారు మన తెలుగువారే. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి. 1956లో ఆయన బృందం హిమాచల్ కొండల్లోని కాంగ్రా లోయను మూడు భాగాలు చేసింది. సుమారు లక్ష మంది జనాభా. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు. వండుకునే కూరలో ఏ ఉప్పు పడుతోందన్నదే ప్రయోగం. కొన్నేళ్లలో మొదటి రెండు చోట్లా గాయిటర్ బాగా తగ్గింది, మూడో చోట ఉన్నది ఉన్నట్టే ఉంది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. మామూలు ఉప్పు తిన్న ఊళ్లలో ఆ ఏళ్లలో పుట్టిన పిల్లల మాటేమిటని ఇవాళ అడగవచ్చు, అడగాలి కూడా. అయితే అప్పటికి దేశంలో ఎవరికీ ఆ ఉప్పు అందడం లేదు. ఆ లెక్కలు లేకపోతే ప్రభుత్వం కదిలేదీ కాదు. రామలింగస్వామి చేసింది సబబేనని నా అభిప్రాయం.

కానీ పుట్టుకతో గ్రంథే లేని బిడ్డను ఏ ఉప్పూ కాపాడలేదు. ఆ బిడ్డకు హార్మోన్ మాత్రే ఇవ్వాలి, అదీ వెంటనే. తొందరెందుకో 1972లో పిట్స్‌బర్గ్ వైద్యులు అంకెలు పెట్టి చూపించారు. మూడు నెలల లోపు చికిత్స మొదలైన పిల్లల సగటు ఐక్యూ 89, ఆర్నెల్లు దాటాక మొదలైనవారిది 54. రోగం అదే, మందూ అదే. అయితే మూడు నెలల లోపు రోగం బయటపడేది ఎందరిలో? కడుపులో ఉన్నన్నాళ్లూ తల్లి హార్మోన్ కొంత మాయ ద్వారా అందుతుంది కాబట్టి పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే కనిపిస్తాడు. కంటితో చూసి పట్టుకునే జబ్బు కాదిది.

దానికి దారి మరో జబ్బు నుంచి వచ్చింది. 1934లో ఓస్లోలో ఒక తల్లి బుద్ధి ఎదగని తన ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని, వాళ్ల మూత్రంలో వింత వాసన ఎందుకొస్తోందో చెప్పమని డాక్టర్ల చుట్టూ తిరిగింది. చివరికి ఆస్బియోర్న్ ఫోలింగ్ ఆ మూత్రంలో ఫెరిక్ క్లోరైడ్ వేస్తే అది ఆకుపచ్చగా మారింది. ఫినైల్‌కీటోన్యూరియా అని తర్వాత పేరొచ్చిన జబ్బు అలా వెలుగు చూసింది. మాంసకృత్తుల్లో ఉండే ఫినైలలనిన్ అనే పదార్థాన్ని శరీరం విడగొట్టలేక మెదడు దెబ్బతింటుంది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో హార్స్ట్ బికెల్ బృందం ఆ పదార్థం తక్కువగా ఉండే ఆహారం తయారుచేసి ఒక చిన్నారికి ఇచ్చింది. పాప తేరుకోవడం మొదలైంది. అది ఆహారం మహిమేనా అని రుజువు చేసుకోవడానికి తల్లికి చెప్పకుండా ఫినైలలనిన్‌ను మళ్లీ కలిపారు. నేర్చుకున్నవన్నీ పాప రోజుల్లోనే పోగొట్టుకుంది. 1953లో లాన్సెట్ పత్రికలో ఈ సంగతి వాళ్లే రాశారు. ఇవాళ ఏ నైతిక కమిటీ దానికి ఒప్పుకోదు. ఆ పాపకూ చికిత్స ఆలస్యంగానే అందింది, మెదడు పూర్తిగా కోలుకోలేదు.

ఆ ఆలస్యాన్ని దాటించినవాడు అమెరికాలోని బఫెలోకు చెందిన రాబర్ట్ గత్రీ. కొడుకు బుద్ధిమాంద్యంతో పుట్టాడు. 1958లో పుట్టిన మేనకోడలికి ఫినైల్‌కీటోన్యూరియా అని పదిహేను నెలలకు గాని తేలలేదు. ఆయన పిల్లల డాక్టరుగా కాదు, బ్యాక్టీరియా నిపుణుడిగా ఆలోచించాడు. మడమ మీద పొడిచి తీసిన రక్తపు చుక్కను దళసరి ఫిల్టర్ కాగితం మీద ఆరబెట్టి, అందులోంచి చిన్న బిళ్ల కత్తిరించి బ్యాక్టీరియా పళ్లెంలో పెట్టాడు. ఫినైలలనిన్ ఎక్కువుంటేనే బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరుగుతుంది. ఖర్చు స్వల్పం, పోస్టులో పంపవచ్చు. నాలుగు లక్షలకు పైగా శిశువులకు చేసి చూస్తే 39 మంది దొరికారు. 1963లో మసాచుసెట్స్ దాన్ని తప్పనిసరి చేసింది.

కెనడాలోని క్యుబెక్‌లోనూ ఈ రక్తపు చుక్కల కాగితాలు పోగవుతూ వచ్చాయి. అక్కడి జాన్ డుస్సో అదే ఎండిన చుక్కలో థైరాయిడ్ హార్మోన్‌ను కొలవవచ్చని 1970ల మొదట్లో చూపించాడు. రొజాలిన్ యాలో, సోలమన్ బెర్సన్ కనిపెట్టిన రేడియో ఇమ్యునో అస్సే అందుకు వీలు కల్పించింది. అతి స్వల్పమైన హార్మోన్‌ను కూడా లెక్కగట్టే పద్ధతి అది. ఈ పరీక్షలతో సుమారు నాలుగు వేల మందికి ఒకరిలో పుట్టు థైరాయిడ్ లోపం ఉన్నట్టు తేలింది. డాక్టర్లు కంటితో చూసి పట్టుకోగలిగింది అంతకంటే ఎంతో తక్కువ. తర్వాతి దశాబ్దంలో చాలా ధనిక దేశాలు ఈ దారి పట్టాయి.

మన దగ్గర ఏం జరిగింది? హైదరాబాద్‌లో నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో డాక్టర్ రాధా రమాదేవి బృందం 18,300 మంది శిశువులను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించింది. థైరాయిడ్ లోపం 1,700 మందికి ఒకరిలో ఉంది. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) హైదరాబాద్‌తో సహా అయిదు నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షిస్తే 1,130 మందికి ఒకరు తేలారు. అడ్రినల్ గ్రంథి లోపం 5,762 మందికి ఒకరిలో కనిపించింది. ఈ రెండో జబ్బుకు కార్టిసోన్ పనిచేస్తుందని లాసన్ విల్కిన్స్ 1950లోనే చూపించారు. అయినా తీవ్రరూపంలో ఉన్న మగపిల్లలు రెండు మూడు వారాల వయసులో వాంతులతో నీరసించి చనిపోతూనే ఉన్నారు. చుట్టుపక్కలవాళ్లు నీళ్ల విరేచనాలనో, దిష్టి అనో అనుకుంటారు.

పరిశోధన చేయాల్సింది చేసేసింది. ఇక తేలాల్సింది ప్రభుత్వాల పట్టుదల. గోవా, కేరళ, చండీగఢ్ లాంటి చోట్ల నవజాత శిశు పరీక్షలు మొదలయ్యాయి గానీ, దేశమంతటా పుట్టిన ప్రతి బిడ్డకూ తప్పనిసరి అన్న నిబంధన లేదు. థైరాయిడ్ హార్మోన్ అయిన థైరాక్సిన్ మాత్ర చవకే. చెంచాలో పొడిచేసి కాసిన్ని తల్లిపాలలో కలిపి పట్టడం ఏ అమ్మకైనా చేతనయ్యే పని. రెండు వారాల లోపు మొదలుపెడితే ఆ బిడ్డ అందరు పిల్లల్లాగే బడికి వెళ్తాడు.

కాబట్టి కాన్పయ్యాక ఆసుపత్రి నుంచి ఇంటికి బయల్దేరే ముందు బిల్లు, టీకా కార్డుతో పాటు థైరాయిడ్ లోపాన్ని పట్టించే రక్తపరీక్ష గురించి ఒక్క మాట అడగండి: "బిడ్డకు టీఎస్‌హెచ్ పరీక్ష చేశారా?" చేయలేదంటే అక్కడే చేయించుకుని, రిపోర్టు చేతికి తీసుకుని బయల్దేరండి.