ప్రభుత్వ కొనుగోళ్లు, కాంట్రాక్టుల దస్త్రాలు – సమాచార హక్కు చట్టంలోని మినహాయింపులు

సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12 నుండి పూర్తిగా అమలులోకి వచ్చినది. ప్రభుత్వ కొనుగోళ్లు, కాంట్రాక్టుల దస్త్రాలు ఈ చట్టం పరిధిలోనివే. వీనిలో ఏది గోప్యం, ఎంతకాలం గోప్యం అను విషయమై పాత్రికేయులు, అధికారుల సౌకర్యార్థం ముఖ్యాంశాలు ఇందు పొందుపరచడమైనది.

కోనసీమలో ప్రాధాన్యం

గౌతమి, వసిష్ఠ పాయల నడుమనున్న అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో వరి సాగు మురుగు కాలువల పారుదలపై ఆధారపడి ఉన్నది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి దేశం దృష్టిని ఆకర్షించినారు. గిట్టుబాటు ధర లేకపోవడంతోపాటు ముంపు సమస్యను కూడ వారు ప్రస్తావించినారు. పూడికతీత పనికి ఒక ప్రత్యేకత కలదు. కాలువలోకి నీరు వచ్చిన పిదప ఎంత లోతు త్రవ్వినదీ కంటికి కనబడదు. అంచనా, ఒప్పందం, పనికి ముందు, తరువాత తీసిన మట్టాలు, కొలతల పుస్తకం (ఎం-బుక్), బిల్లులు మాత్రమే అప్పుడు సాక్ష్యం. ఆ దస్త్రం అందనిచో రైతు ప్రశ్నకు గాని, అధికారి సమాధానానికి గాని ఆధారం ఉండదు.

వాణిజ్య గోప్యత – దాని హద్దు

చట్టంలోని సెక్షన్ 8(1)(డి) వాణిజ్య విశ్వసనీయత, వ్యాపార రహస్యాలు, మేధో సంపత్తికి మినహాయింపు ఇచ్చుచున్నది. అయితే సమాచార వెల్లడి వలన తృతీయ పక్షం పోటీ సామర్థ్యానికి హాని కలుగునప్పుడే ఇది వర్తించును. విస్తృత ప్రజాప్రయోజనం ఉన్నచో ఈ సమాచారమును సైతం వెల్లడించవచ్చును.

టెండర్లు తెరవక ముందు ఒకరు కోట్ చేసిన ధర మరొకరికి తెలిసినచో పోటీ దెబ్బతినును. కావున ఆ దశలో గోప్యత సమంజసం. టెండరు ఖరారై పని అప్పగించిన పిదప ఆ కారణం మిగలదు. బిడ్ల ప్రక్రియ ముగిసి కాంట్రాక్టు ఖరారైన తరువాత టెండరు పత్రాలు ఇవ్వవలసినదేనని జార్ఖండ్ హైకోర్టు 2007లో నవీన్ కుమార్ సిన్హా కేసులో తీర్పు చెప్పినది. ఒక పత్రంలో కొంత భాగం మాత్రమే రహస్యమైనచో, సెక్షన్ 10 ప్రకారం ఆ భాగమును తొలగించి మిగిలినది ఇవ్వవలెను.

కాంట్రాక్టరు అభ్యంతరం

కాంట్రాక్టరు గోప్యమని తెలిపి ఇచ్చిన సమాచారమును వెల్లడించదలచినప్పుడు సెక్షన్ 11 ప్రకారం దరఖాస్తు అందిన 5 రోజులలోగా ఆయనకు నోటీసు ఇవ్వవలెను. నోటీసు అందిన 10 రోజులలో ఆయన తన వాదన తెలుపవచ్చును. దరఖాస్తు అందిన 40 రోజులలో పౌర సమాచార అధికారి నిర్ణయం తీసుకొనవలెను. అభ్యంతరమును పరిశీలించుట తప్పనిసరి. దానికి కట్టుబడుట తప్పనిసరి కాదు.

వ్యక్తిగత సమాచారం, ప్రజాప్రయోజనం

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ద్వారా సెక్షన్ 8(1)(జె) సవరించబడి, 2025 నవంబరులో ఆ సవరణ అమలులోకి వచ్చినది. ఆ సెక్షన్‌లో లోగడ ఉన్న ప్రజాప్రయోజన షరతు ఇప్పుడు లేదు. అయినప్పటికీ సెక్షన్ 8(2) యథాతథంగా ఉన్నది. రక్షిత ప్రయోజనాలకు కలుగు హాని కంటె ప్రజాప్రయోజనం మిన్న అయినప్పుడు సమాచారం ఇవ్వవచ్చునని అది చెప్పుచున్నది. బ్యాంకు ఖాతా, ఆధార్ సంఖ్యలను మరుగుపరచి ఎం-బుక్, బిల్లుల నకళ్లు ఇచ్చుటకు మార్గం కలదు.

2014 జూన్ 27న మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ గ్యాస్ పైపులైన్ పేలి 20 మందికి పైగా మరణించినారు. నిర్వహణ కాంట్రాక్టుల సమాచారం వాణిజ్య విషయం మాత్రమే కాదు, ప్రజల ప్రాణరక్షణకు కూడ సంబంధించినదని ఇట్టి దుర్ఘటనలు తెలుపుచున్నవి. కేంద్ర సంస్థల విషయంలో దరఖాస్తు ఆ సంస్థ అధికారికి, రెండవ అప్పీలు కేంద్ర సమాచార కమిషన్‌కు చేయవలెను.

దరఖాస్తు, అప్పీలు

దరఖాస్తుదారు కారణం తెలుపనవసరం లేదు. పత్రాలతోపాటు పనిని స్వయంగా పరిశీలించుటకు, వాడిన సామగ్రి ధ్రువీకృత నమూనాలు పొందుటకు సెక్షన్ 2(జె) హక్కు కల్పించినది. తిరస్కరించినచో 30 రోజులలో మొదటి అప్పీలు, దానిపై నిర్ణయం వచ్చిన 90 రోజులలో రెండవ అప్పీలు చేసుకొనవచ్చును. తిరస్కరణ సమంజసమని నిరూపించవలసిన భారం అధికారిదే. కావున తిరస్కరణ ఉత్తర్వులో సెక్షన్ సంఖ్యతోపాటు ఎవరికి, ఏ విధమైన హాని కలుగునో స్పష్టముగా వ్రాయవలసి ఉన్నది.