సముద్రము దాటిన విద్య

వలస పోయినవాడు ఇంటికి ధనము మాత్రమే పంపునని తలంతుము. విద్యను సైతము పంపగలడనుటకు మన గోదావరి సీమయే సాక్షి.

19వ శతాబ్దిలో తుని మొదలు నరసాపురము వరకు గల తీరమునుండి ఎందరో కోరంగి, కాకినాడ రేవులలో ఓడలెక్కి బర్మాకు పోయిరి. అచ్చట ఐశ్వర్యవంతుడైన మల్లాడి సత్యలింగ నాయకరు ఆస్తితో కాకినాడలో ధర్మసంస్థ వెలసెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ సంస్థ అండతోను, మామగారి సాయముతోను అమెరికాకు వెళ్లెను. అనగా ఒక వలస ధనము మరియొక వలసకు దారి చూపెను.

1947లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అను మందు సిద్ధమయ్యెను. ఆ మందు రక్తములోని సూక్ష్మక్రిములను నశింపజేయును. కావున దోమల మూలమున వ్యాధి పాకుట తగ్గును. ముదిరిన వాపును మాత్రము పోగొట్టజాలదు.

సుబ్బారావు స్వదేశమునకు మరలి రాలేదు. 1948లో న్యూయార్కున మరణించెను. ఆయన మందు వచ్చెను. 1955లో భారత ప్రభుత్వము ఫైలేరియా నివారణ కార్యక్రమము నారంభించెను. 2004 నుండి వ్యాధిగల జిల్లాలలో ఆ మాత్రలను ఇంటింటికి పంచిరి.

అయినను, మాత్రను మ్రింగక దాచిన ఇంట అంత దూరము వచ్చిన విద్య గుమ్మము కడనే ఆగిపోవును.