చదువు ముగిసిన పిదప

బెంగళూరుకు మన తెలుగువారిని రప్పించినది చాలమట్టుకు ఉద్యోగమే. 1940లో విమానముల కర్మాగారము, 1948లో టెలిఫోనులది, ఆ పిదప గడియారములు, నేడు కంప్యూటర్లు. అందుచేత పిల్లవాని చదువు పూర్తియైనదనగానే “ఎక్కడ చేరినాడు?” అని అడుగుట మనకు అలవాటు. చూపులేని బిడ్డో, నడవలేని బిడ్డో ఉన్న ఇంట మాత్రము ఆ మాట అడుగుటకు జంకుదుము. అడుగకుండుటే మర్యాద అనుకొందుము గాని, ఆ బిడ్డకు ఉద్యోగము రాదని మనమే తీర్పు చెప్పినట్లగుచున్నది.

ఆ తీర్పును ఒప్పుకొననివారు ఈ నగరములో ఎప్పటినుండియో ఉన్నారు. 1959లో ఇక్కడ వికలాంగుల సంఘమును స్థాపించిన ఎన్.ఎస్. హేమగారు స్వయముగా వికలాంగురాలు. ఆ సంఘము బడి పెట్టి ఊరకొనలేదు. వృత్తిపనులు నేర్పినది, జీవన్ బీమా నగరులో తోటపని నేర్పినది. 1997లో సమర్థనం సంస్థను ప్రారంభించిన మహంతేశ్, నాగేశ్ గారలు చూపులేని స్నేహితులు. శాంతి రాఘవన్ గారి తమ్మునికి చూపు క్రమముగా పోయినది. అతనిని తన కాళ్ళపై నిలబెట్టిన అనుభవముతో ఆమె, భర్త దీపేశ్ సుతారియా గారితో కలిసి 1999లో ఎనేబుల్ ఇండియాను నెలకొల్పినారు. వారి పద్ధతి తెలిసికొనదగినది. అభ్యర్థికి శిక్షణ ఇచ్చుటయే గాక, యజమాని వద్దకు పోయి ఆ పనిలో ఏ భాగమునకు కన్ను కావలెనో, దేనికి చెవి చాలునో విడదీసి చూపుదురు. తెరమీది అక్షరములను చదివి వినిపించు కంప్యూటరు ఉన్నచో, లెక్కలు వ్రాయుటకు చూపు లేకపోవుట అడ్డు కాదు.

చట్టము లేకపోలేదు. 1995 చట్టము ప్రభుత్వోద్యోగములలో నూటికి 3 కేటాయించినది. 2016 చట్టము దానిని 4 చేసినది. అయితే ప్రైవేటు కంపెనీలకు ఈ నిర్బంధము లేదు. మన ఊరిలో కొలువులన్నియు ఎక్కడ ఉన్నవో మీకు తెలియనిది కాదు!

మచిలీపట్నము ప్రాంతపు శ్రీకాంత్ బొల్లా గారికి పుట్టుకతోనే చూపు లేదు. పదవ తరగతి తరువాత సైన్సు చదువనీయకపోగా న్యాయస్థానమునకు వెళ్ళి గెలిచినారు. అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివి వచ్చి, 2012లో హైదరాబాదులో బొల్లాంట్ కర్మాగారమును స్థాపించి, వికలాంగులకు పనులిచ్చినారు. 2024లో ఆయన కథ సినిమాగా వచ్చినది. ఆ సినిమా చూచి కన్నీరు పెట్టినవారిలో, ఉద్యోగములిచ్చు కుర్చీలలో కూర్చున్నవారు మన సంఘములోనే ఎందరో ఉన్నారు.