ఏడాదిన్నర లొంగని కొండ: పది మందితో ఉదయగిరి టూర్

ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక కోట ఎవరిది? కట్టినవాడిదా, గెలిచినవాడిదా, లేక ఇప్పుడు దాని కింద బతుకుతున్నవాళ్లదా?

బ్రిటన్‌లో వేల్స్ అని ఒక చిన్న దేశం ఉంది. అక్కడ హార్లెక్ అనే కోటను ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1283లో కట్టడం మొదలుపెట్టాడు. ఎందుకు? వేల్స్ వాళ్లను అణచడానికి. 1404లో ఒవైన్ గ్లిన్‌డూర్ అనే వేల్స్ నాయకుడు దాన్ని పట్టుకున్నాడు. ఐదేళ్లకు మళ్లీ పోయింది. ఇంకో యుద్ధంలో ఆ కోట 1468 దాకా, అంటే ఏడేళ్లు, లొంగకుండా నిలబడింది. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఇప్పుడు అలాంటి చోట్లకి పది, పదిహేను మంది ఒక చిన్న బండిలో, ఒక గైడ్‌తో తిరుగుతారు. పల్లె దారుల్లో ఆగుతూ, కథ వింటూ వెళ్తారు. తమను అణచడానికి కట్టిన కోటే ఈరోజు అక్కడి ఊళ్లకు అన్నం పెడుతోంది.

సరే, ఇప్పుడు మన ఊరికి వద్దాం. నెల్లూరు నుంచి పడమరగా బయల్దేరండి. ముందు ఆత్మకూరు వస్తుంది. అక్కడి నుంచి కాస్త పక్కకి తిరిగితే పెన్న మీద సోమశిల డ్యామ్, 78 టీఎంసీల నీళ్లు. నెల్లూరు వరి మడులకు అది ప్రాణం. కానీ గైడ్ అన్నవాడు ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ నీళ్ల కింద, కడప జిల్లా వైపు, ఎన్నో పల్లెలు మునిగిపోయాయి. ఒకరి పంట వెనక ఇంకొకరి ఊరు ఉంది. ఆత్మకూరుకు దగ్గర్లోనే ఏఎస్ పేట దర్గా. అన్ని మతాల వాళ్లూ మొక్కులు తీర్చుకోవడానికి వస్తారు.

అక్కడి నుంచి ఉదయగిరి. ఊరి వెనక గోడలా నిలబడ్డ కొండ. ఎత్తు మూడు వేల అడుగుల పైమాటే. కొన్ని వైపుల నిట్టనిలువు చరియలు. పైన ఎనిమిది, కింద ఐదు, మొత్తం పదమూడు కోట నిర్మాణాలు ఉండేవని బ్రిటిష్ కాలం గెజిటీర్ రాసింది.

ఈ కొండ కథ రాయలతో మొదలవలేదు. 14వ శతాబ్దంలోనే ఇది విజయనగరానికి ఒక రాజ్యం, అంటే రాష్ట్రం లాంటిది. హరిహరరాయల తమ్ముడు కంపన దీన్ని ఏలాడు. ఆయన మంత్రి ఎవరో తెలుసా? సాయణుడు. వేదాలకు భాష్యం రాసిన సాయణాచార్యుడే. అంత పెద్ద పండితుడు మన ఉదయగిరి కొలువులో పనిచేశాడంటే నమ్మబుద్ధి కాదు కదా!

15వ శతాబ్దంలో ఒడిశా గజపతులు వచ్చి కోటను పట్టుకున్నారు. సాళువ నరసింహరాయలు తిరిగి తీసుకోబోయి, ఓడి, బందీ అయ్యాడు. కోట వదులుకుని బయటపడ్డాడు. ఆయన చనిపోయేటప్పుడు రాయచూరు, ముద్గల్లు, ఉదయగిరి ఈ మూడూ తిరిగి గెలవమని కోరాడట. ఈ మాట రాసింది నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి. అంటే శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడికి వచ్చింది ఒక కొండ కోసం మాత్రమే కాదు, ఒక పాత అవమానం తీర్చుకోవడానికి కూడా.

1513లో ముట్టడి మొదలైంది. నూనిజ్ లెక్క ప్రకారం రాయల వైపు 34 వేల కాల్బలం, 800 ఏనుగులు. కోటలో పదివేల మంది, నాలుగు వందల గుర్రాలు. అంత తేడా ఉన్నా కోట లొంగలేదు. ఎందుకు? ఎక్కడానికి దారి లేదు. బండలు పగలగొట్టి దారులు వేయించాల్సి వచ్చింది. లోపల తిండి అయిపోయేదాకా కాచుకోవాల్సి వచ్చింది. ఏడాదిన్నర పట్టింది. 1514 జూన్‌లో కోట పడింది. గజపతి బంధువు తిరుమల రౌతరాయడు దొరికిపోయాడు.

తర్వాతి నెలే రాయలు తిరుమల వెళ్లి వెంకటేశ్వరస్వామికి 30 వేల బంగారు నాణేలతో కనకాభిషేకం చేయించాడు. ఉదయగిరి నుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకెళ్లి, హంపీలో కొత్తగా గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేయించాడు. ఆ విగ్రహం ఇప్పుడెక్కడుంది? హంపీలోనూ లేదు. విరిగిన రూపంలో చెన్నై మ్యూజియంలో ఉంది. గుడి ఒక రాష్ట్రంలో, దేవుడు ఇంకో రాష్ట్రంలో, అసలు ఊరు మన రాష్ట్రంలో!

మనవాళ్లు కథ ఇక్కడ ఆపేస్తారు. రాయలు గెలిచాడు, జై. కానీ కొండ అక్కడ ఆగలేదు. 17వ శతాబ్దంలో గోల్కొండ సేనలు వచ్చాయి. కొండ మీద మసీదు, పార్సీ శాసనాలు ఆ కాలం గుర్తులు. తర్వాత ఆర్కాటు నవాబులు దీన్ని జాగీరుగా ఇచ్చారు. 1840 ప్రాంతంలో, కుట్ర చేశాడని చివరి జాగీర్దారును ఇంగ్లీషువాళ్లు చెంగల్పట్టుకు పంపేసి జాగీరు లాక్కున్నారు. గజపతి, రాయలు, గోల్కొండ, ఆర్కాటు, కుంపిణీ. ఒక్క కొండ, ఇంతమంది.

మరి ఇప్పుడు? పైకి వెళ్లే కుర్రాళ్లు ఒక రీల్ తీసుకుని, గోడ మీద పేరు గీకి దిగుతారు. ఇంకొందరు రాత్రిళ్లు గుప్తనిధుల కోసం తవ్వుతారు. ఏడాదిన్నర ముట్టడిని తట్టుకున్న గోడలు గడ్డపారకు పోతున్నాయి. నిధి అంటే కుండలో బంగారమే అనుకోబట్టే ఈ గతి. ఆ రాయి మీద అక్షరమే నిధి అని చెప్పేవాడు పక్కన ఉండాలి. గైడ్ పని అదే.

దీనికి పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. పది మంది, ఒక వ్యాన్, దారి తెలిసిన ఉదయగిరి మనిషి ఒకరు చాలు. చలికాలంలో, తెల్లవారుజామునే ఎక్కండి. మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు. ఒంటరిగా వద్దు, చీకటి పడకముందే దిగాలి. దిగాక ఊళ్లో రంగనాయకుల గుడి చూడండి. చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే ఇళ్లకు వెళ్లండి. నర్ది, బిక్కి లాంటి అడవి చెక్కతో చేస్తారు, ఎక్కువగా ముస్లిం ఆడవాళ్లే. వాటికి జీఐ గుర్తింపు కూడా ఉంది. బేరం ఆడకుండా రెండు గరిటెలు కొనండి. గైడ్‌కి ఇచ్చే డబ్బు, ఆ గరిటెకి ఇచ్చే డబ్బు ఊళ్లోనే ఉంటాయి. కోట వల్ల నాలుగు ఇళ్లలో పొయ్యి వెలిగితే, ఆ కోటను తవ్వనిచ్చేవాడు ఉండడు.

మొదటి ప్రశ్న గుర్తుందా? కోట ఎవరిది? కట్టినవాళ్లు పోయారు, గెలిచినవాళ్లూ పోయారు. ఇక మిగిలింది దాని కథ పూర్తిగా చెప్పగలిగేవాళ్లే. ఈ సంక్రాంతికి ఊరెళ్తే, ఒక్కరోజు ఉదయగిరికి ఇవ్వండి. మీ తాతనో, నాయనమ్మనో కొండ గురించి అడిగి ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఆ మాటలు ఏ గెజిటీర్‌లోనూ దొరకవు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.