వివృత విశ్వం

అంతరిక్షం అంతటా ఒకే స్థాయిలో ఋణ వక్రత ఉంటుందని చెప్పే విశ్వ నమూనాను వివృత విశ్వం అంటారు. పదార్థం అన్ని దిక్కులా సమంగా పరుచుకున్న విశ్వానికి ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతంలో మూడు రకాల వక్రత సాధ్యం: ధన, శూన్య, ఋణ వక్రతలు. ఏది నిజమో తేల్చేది సాంద్రత. డార్క్ ఎనర్జీతో సహా మొత్తం సాంద్రత, ఘనపు మీటరుకు సుమారు ఐదు హైడ్రోజన్ పరమాణువులకు సమానమైన సందిగ్ధ సాంద్రత కంటే తక్కువైతే విశ్వం వివృతం.

అలాంటి విశ్వంలో త్రిభుజ కోణాల మొత్తం 180 డిగ్రీల కంటే తక్కువగా ఉంటుంది. వక్రతా వ్యాసార్థానికి మూడు రెట్ల వ్యాసార్థంతో వృత్తం గీస్తే, దాని చుట్టుకొలత బడిలో నేర్చిన సూత్రం చెప్పేదానికి మూడు రెట్లు దాటుతుంది. పరికిణీ అంచుకు కుట్టిన కుచ్చులాగా, కేంద్రానికి దూరమయ్యేకొద్దీ చోటు ఎక్కువవుతూ పోతుంది. ఈ జ్యామితిని 1829లో రష్యాలో లోబచేవ్‌స్కీ, 1832లో హంగేరీకి చెందిన బోయాయ్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వెలువరించారు.

దాన్ని విశ్వానికి అన్వయించినవాడు అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్. 1922లో ధన వక్రత గల వ్యాకోచ విశ్వాన్ని వర్ణించాడు, 1924లో ఋణ వక్రతకూ పరిష్కారం చూపాడు. అంతకంటే గొప్ప సంగతి ఆ రెండో పత్రంలోనే ఉంది: ఋణ వక్రత ఉన్నంత మాత్రాన విశ్వం అనంతం కానక్కర్లేదని, వక్రత ఒక్కటే ఆ ప్రశ్నను తేల్చలేదని ఆయన గుర్తించాడు. వివృతమంటే అనంతమని నేటికీ చాలా పుస్తకాలు రాసేస్తున్నాయి. విశ్వ వ్యాకోచాన్ని చూపిన హబుల్ పరిశీలనలు వెలువడకముందే, 1925లో, ఫ్రీడ్‌మన్ టైఫాయిడ్‌తో 37 ఏళ్లకే కన్నుమూశాడు.

పదార్థమే లేని వివృత విశ్వం 1930లలో మిల్న్ ప్రతిపాదించిన నమూనా. అందులో వ్యాకోచ వేగం మారదు.

1974లో గాట్, గన్, ష్రామ్, టిన్స్‌లీ అనే నలుగురు ఖగోళ శాస్త్రజ్ఞులు మన విశ్వం వివృతమేనని గట్టిగా వాదించారు. వారి ఆధారాల్లో ముఖ్యమైనది డ్యుటీరియం. మహావిస్ఫోటం తర్వాతి తొలి నిమిషాల్లో పుట్టిన ఈ భార హైడ్రోజన్, సాధారణ పదార్థం దట్టంగా ఉంటే చాలావరకు హీలియంగా మారిపోవాలి. అది గుర్తించదగినంత మిగిలి ఉందంటే పదార్థం పలచన అన్నమాట. ఆ లెక్క తప్పు కాదు. కంటికి కనిపించని డార్క్ మేటర్‌ను కలిపినా పదార్థం సందిగ్ధ సాంద్రతలో మూడో వంతును మించదు.

అయినా విశ్వం సమతలంగా, అంటే శూన్య వక్రతతో, ఎందుకు తేలింది? 1998లో వ్యాకోచం వేగం పుంజుకుంటోందని సూపర్‌నోవాలు చూపాయి. ఆ వేగానికి కారణంగా భావించే డార్క్ ఎనర్జీయే తక్కువపడిన వాటాను పూరించింది. అదే ఏడాది చివర అంటార్కిటికా మీద ఎగిరిన బూమరాంగ్ బెలూన్ విశ్వ నేపథ్య వికిరణంలోని వేడి, చల్లని మచ్చలను కొలిచింది. వివృత విశ్వంలో కాంతి మార్గాలు ఎడంగా విచ్చుకుపోతాయి కాబట్టి మచ్చలు చిన్నవిగా కనిపించాలి. పదార్థం మాత్రమే ఉన్న వివృత విశ్వమైతే దాదాపు అర డిగ్రీ. 2000లో వెలువడిన ఫలితాల్లో అవి సుమారు ఒక డిగ్రీ వెడల్పున్నాయి. డార్క్ ఎనర్జీ వచ్చాక వక్రతకూ భవిష్యత్తుకూ ఉన్న ముడి కూడా వీడింది: ధన వక్రత గల సంవృత విశ్వం సైతం ఎప్పటికీ వ్యాకోచించవచ్చు.

2018 నాటి ప్లాంక్ ఉపగ్రహ విశ్లేషణ, గెలాక్సీల సర్వేలతో కలిపి చూస్తే, వక్రత వాటాను 0.0007గా ఇచ్చింది. దోషం 0.0019, అంటే సున్నా దాని పరిధిలోనే ఉంది. ఋణ వక్రతను కొలతలు పూర్తిగా కొట్టిపారేయలేదు. కోల్‌మన్, డి లూచ్చా 1980లో చూపినట్లు, శక్తి అడ్డుగోడను దాటే క్వాంటం టన్నెలింగ్‌తో పుట్టే బుడగ లోపలి నుంచి చూసేవారికి వివృత విశ్వంగానే కనిపిస్తుంది. అందుకే మన విశ్వం అలాంటి బుడగేనా అని అడిగేవారు ఆ నాలుగో దశాంశ స్థానం కోసం ఎదురుచూస్తున్నారు.